నత్తగుల్ల, సున్నపుతేట

విజయవాడలో గవర్నర్‌పేట వీధులనుండి ఏ దిక్కునకు నడక సాగించినను కొలదిసేపటికే ఏదో యొక కాలువ వంతెన ఎదురగును. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ యను నీ మూడును కృష్ణ యెడమగట్టున బయలుదేరి, ఊరి నడుమనుండి సాగి, సముద్రమువరకు పరచుకొనియున్న డెల్టాలోనికి దిగిపోవుచున్నవి. 1852లో మొదలై 1855 నాటికి ముగిసిన పాత ఆనకట్టకు బదులుగా 1954–57 సంవత్సరముల నడుమ ప్రకాశం బ్యారేజి లేచినది. దాని యిరుగట్లనుండి పోవు కాలువలు సుమారు 13 లక్షల యెకరముల మాగాణిని తడుపుచున్నవి. ఈ నీటివలన పండు వరినిగూర్చి మాటలాడువారు మనలో కోకొల్లలు. ఆ నీటిలోనే పుట్టి, ఆ నీటిలోనే పెరిగి, ఎవరి లెక్కలోను చేరక గట్టుబురదలో కలిసిపోవు వెన్నెముకలేని ప్రాణులనుగూర్చి వినవచ్చునది బహుస్వల్పము. వినవచ్చినను అది పరీక్షలకు ముందటి రెండు నెలలు మాత్రమే.

ఆ కాలము వచ్చుసరికి ఏలూరు రోడ్డు పుస్తకపుటంగళ్లయెదుట బై.పి.సి. విద్యార్థులు గుమికూడుదురు. వారి సంచిలో జంతుశాస్త్రమునకొక నోటుపుస్తకము, రసాయనశాస్త్రమునకు వేరొక నోటుపుస్తకము ఉండును. ఈ రెంటికిని రాకపోకలు లేవు. నత్తగుల్ల శ్వాసేంద్రియములను వల్లెవేసి, ఆ పుస్తకమును మూసి, వేరొక పుస్తకమును తెరచి కాల్షియం కార్బొనేట్ ధర్మములను మరల మొదటినుండి వల్లెవేయు బాలునికి, ఆ రెండవ పాఠము మొదటి పాఠమునందలి జంతువు వీపుమీదనే యున్నదని చెప్పువారు లేకపోవుట విచారకరము. ఇందలి దోషము కాలపట్టికది. వెన్నెముకలేని నీటిజంతువును చదువుటకు సులభమైన మార్గము అది నివసించు నీటిని చదువుటయే యని నా నమ్మకము. ఈకలును, బొచ్చును, మందపు చర్మమును కల ప్రాణికి తన పరిసరములతో కొంత యెడముండును. హైడ్రాకును జలగకును ఆల్చిప్పకును ఆ యెడము లేదు. నీటిలో కరిగిన వాయువు తగ్గిన క్షణమే వాని యూపిరి తగ్గును. నీటిలోని లవణము మారినచో దాని ప్రభావము వాని యొడలిలోని ప్రతి కణమునకును తగులును.

కాలువలో నాచుపట్టిన మెట్టునొద్ద ఒక సీసానిండ నీరును దోసెడు బురదయు తెచ్చుకొన్నచో, పాఠ్యపుస్తకములోని వర్గములలో సగము చేతికి వచ్చును. నాచుపోగును అంటిపెట్టుకొని హైడ్రా వ్రేలాడుచుండవచ్చును. దీనిని ముక్కలు చేసినచో ఒక్కొక్క ముక్కయు పూర్ణమైన హైడ్రాగా పెరుగునని 1740 ప్రాంతమున అబ్రహాం ట్రెంబ్లే కనుగొని, ఇది మొక్కయా జంతువా యను చిక్కున ఐరోపా పండితులను కొంతకాలము పడవేసెను. జలగ శరీరఖండములు 33 అని ప్రతి విద్యార్థియు ఒప్పగించును. ఒంటికన్నుతో గెంతుచుండు సైక్లాప్స్ అను అల్పప్రాణి, ఒకప్పుడు దిగుడుబావుల నీరు త్రాగినవారికి నారికురుపును తెచ్చిపెట్టుచుండెను. మన దేశము ఆ వ్యాధినుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2000లో ధ్రువపరచినది. వీని వర్గనామములను, లక్షణములను పట్టికగా వ్రాసికొనుట తప్పదు. అది ఒక పూటలో ముగియు పని. నేను తడవు నిలువదలచినది నాలుగైదు ప్రాణులయొద్దనే.

మొదట దోమ. మురుగుకాలువలో నిలిచిన నీటిపైన తలక్రిందుగా వ్రేలాడు క్యూలెక్స్ డింభకమును చూడనివారుండరు. నీటిలో బ్రదుకునదే యైనను అది పీల్చునది పైగాలినే. కడుపు చివరనున్న శ్వాసనాళమును నీటి పైపొరకు తగిలించి, దాని మొననుండి గాలిని లోనికి తీసికొనును. అనాఫిలిస్ డింభకమునకు ఆ పొడుగునాళము లేదు గనుక అది నీటిమట్టమునకు సమాంతరముగా పరుండును. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా పరాన్నజీవిని కనుగొన్నది ఈ యనాఫిలిస్ ప్రజాతి దోమ కడుపులోనే. ఇక రసాయనశాస్త్రపు ప్రశ్న: నీటికంటె కొంచెము బరువైన ఈ పురుగు ఏ ఆధారమున పైని నిలిచియున్నది? నీటి యణువునందలి ఆక్సిజన్ తన ప్రక్క యణువులోని హైడ్రోజన్‌ను తనవైపునకు లాగును. దీనినే హైడ్రోజన్ బంధమందుము. లోపలనున్న యణువును అన్ని ప్రక్కలనుండి లాగువారున్నారు. పైపొరలోని యణువునకు పైనుండి లాగువారు లేరు గనుక అది లోపలికే ఈడ్వబడి, నీటిపైన బిగువైన పొర యేర్పడును. ఈ తలతన్యత 25 డిగ్రీలయొద్ద సెంటీమీటరునకు 72 డైనులు. గాజుగ్లాసులో డింభకములున్న నీటిని తీసికొని, అందులో సబ్బునీటి చుక్కలు కొన్ని విడిచి చూడుడు: సబ్బు అణువులు నీటి యణువుల నడుమ దూరి పొర బిగువును సగమునకు పైగా తగ్గించును, డింభకములు నాళమును పైకెత్తుచు, పట్టు చిక్కక జారుచు, మరల పైకి ఈదుచు, కడకు అడుగున చేరును. అవి చచ్చినది సబ్బు విషమువలన గాక పట్టుకొమ్మ పోవుటవలననే యని విద్యార్థి తానై కనుగొన్ననాడు తలతన్యత నిర్వచనమును కంఠస్థము చేయవలసిన పని యుండదు.

దోమవలె పైగాలిని పీల్చలేని ప్రాణుల స్థితి మరింత కష్టము. ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండగా, 25 డిగ్రీల వేడిగల ఒక లీటరు మంచినీటిలో కరిగియుండగలది 8.3 మిల్లీగ్రాములే. అనగా నీటిప్రాణి మనకంటె ముప్పది రెట్లు బీదదైన కొట్టునుండి ప్రాణవాయువును తెచ్చుకొనవలెను. ద్రవముపై నున్న వాయువు పీడనము ఎంతయో, ఆ ద్రవములో కరుగు వాయువును అంతకు అనులోమముగా నుండునని విలియం హెన్రీ 1803లో చెప్పిన సూత్రము రసాయనశాస్త్రపు పుస్తకములో ఒక పుటలో నుండును. వేడి పెరిగినకొలది వాయువుల ద్రావణీయత తగ్గునను వాక్యము దాని క్రిందనే యుండును. కృష్ణాతీరపు వేసవిలో ఈ వాక్యమునకు ప్రాణము వచ్చును. 20 డిగ్రీల నీటిలో 9.1 మిల్లీగ్రాములు పట్టునది, 30 డిగ్రీలలో 7.6కు, 35 డిగ్రీలలో 6.9కు దిగును. మరియొకవైపు, శీతరక్త ప్రాణుల జీవక్రియలు పది డిగ్రీల వేడి పెరిగినచో ఇంచుమించు రెట్టింపగును. ఆకలి పెరిగినప్పుడే అన్నము తగ్గుట యనిన నిదియే.

కాలువనీటిలో ఎంత ఆక్సిజన్ ఉన్నదో తెలిసికొను పరీక్ష, నా యభిప్రాయమున, కళాశాల ప్రయోగశాలలో విద్యార్థికి లభించు దృశ్యములలో మిక్కిలి యందమైనది. 1888లో లాయోష్ వింక్లర్ అను హంగేరీ రసాయనవేత్త దీనిని కల్పించెను. ఏటవాలుగా కోసిన గాజుబిరడా గల సీసాను గాలిబుడగ యొక్కటియు లేకుండ నీటితో నింపి, పిప్పెట్టు మొనను నీటిలోనికి ముంచి రెండు మిల్లీలీటర్ల మాంగనీస్ సల్ఫేటును, పిదప రెండు మిల్లీలీటర్ల క్షారయుత అయొడైడును విడిచి, బిరడా వేసి తలక్రిందులు చేయవలెను. నీటిలో ఆక్సిజన్ లేనిచో తెల్లని అవక్షేపము, ఉన్నచో గోధుమరంగు అవక్షేపము మబ్బులు మబ్బులుగా లేచి మెల్లగా అడుగునకు దిగును. మురుగు కలియని ఎగువనీటిని ఒక సీసాలోను, ఊరి నడుమనుండి పారిన నీటిని రెండవ సీసాలోను తీసికొని ప్రక్కప్రక్కన నిలిపి చూచినవానికి, ఏ నీటిలో రొయ్య బ్రదుకునో, ఏ నీటిలో బ్రదుకదో రంగే చెప్పును. తరువాత గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లము పోసినంతనే అవక్షేపము కరగి బంగారువన్నె ద్రవమగును. ఎంత ఆక్సిజన్ ఉండెనో అంతకు సరియైన అయొడిన్ విడుదలయైనదన్నమాట. ఈ ద్రవమును 200 మిల్లీలీటర్లు కొలిచి, బ్యూరెట్టునుండి 0.025 నార్మల్ సోడియం థయోసల్ఫేటును చుక్కచుక్కగా వదలుచు, పసుపు వెలిసిపోవు వేళకు పిండిద్రావణము చేర్చినచో నీలము పుట్టును. ఆ నీలము ఒక్క చుక్కతో మాయమగుచోట ఆగవలెను. ఖర్చయిన ప్రతి మిల్లీలీటరును, లీటరునీటికి ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్. లెక్క ఇంత సూటిగా వచ్చునట్లు గాఢతను ఎన్నుకొన్నవారికి నమస్కరింపవలెను. ఆక్సీకరణము, క్షయకరణము, అవక్షేపణము, అంశమాపనము అను నాలుగు అధ్యాయములు ఒక్క సీసాలో ముగిసినవి.

రెండవ సీసా తెల్లగా మిగిలిన చోటను ప్రాణి యుండును. అట్టి నీటి యడుగుననున్న నల్లబురదను వ్రేలితో కదలించినచో సన్నని యెర్రదారములు ముడుచుకొని లోనికి పోవును. ఇవి ట్యూబిఫెక్స్ పురుగులు. తలను బురదలో పాతిపెట్టి తోకను నీటిలో నిరంతరము ఆడించుచుండును, ఏలయన వాని శ్వాస తోకవైపు చర్మముద్వారానే జరుగును. కైరోనోమస్ అను, కుట్టని యొక జాతి ఈగ డింభకములును అక్కడనే యెర్రగా మెలికలు తిరుగుచుండును. ఈ యెరుపు, మన రక్తమునకు ఎరుపునిచ్చు హీమోగ్లోబిన్ వంటి ఇనుముగల వర్ణకముదే. అది మనలో కణములయందుండగా వీనిలో రక్తద్రవమునందే కరగియుండును. అతిస్వల్పముగానున్న ఆక్సిజన్‌నుగూడ ఇది పట్టి నిలుపగలదు. కావున కాలువయడుగు ఎర్రబారుచున్నకొలది నీరు చెడుచున్నదని గ్రహింపవచ్చును. రొయ్యకును నత్తకును ఇనుము బదులు రాగి. వాని రక్తమునందలి హీమోసయనిన్‌లో రెండు రాగి పరమాణువులు కలిసి ఒక ఆక్సిజన్ అణువును పట్టుకొనును. పట్టినప్పుడు లేతనీలము, విడిచినప్పుడు వివర్ణము. రొయ్యలు శుభ్రము చేయునపుడు రక్తమే కనబడలేదనువారు, కనబడవలసిన రంగు ఎరుపని అనుకొనుటచేతనే అట్లనుచున్నారు.

ఈ జలచరములలో నాకు మిక్కిలి గౌరవము నత్తగుల్లయందు. కలకత్తా ఇండియన్ మ్యూజియం పక్షమున 1925లో బైనీ ప్రసాద్ దీని శరీరనిర్మాణమును సాంగోపాంగముగ వర్ణించి ప్రచురించెను. పైలా గ్లోబోసా యను పేర మన విద్యార్థులు నేటికిని చదువునది చాలవరకు ఆయన కోసి చూపినదే. ఈ జంతువునకు ఒకే ప్రావారకుహరమున ఒక ప్రక్క మొప్పయు, వేరొక ప్రక్క ఊపిరితిత్తి సంచియు కలవు. నీరు బాగున్నంతకాలము మొప్పతో పీల్చును. నీటిలో ఆక్సిజన్ తగ్గినప్పుడు, గాజుతొట్టిలోనైనను చూడవచ్చును, అది గోడవెంట పైకి ప్రాకి, మెడ యెడమప్రక్కనున్న మడతను గొట్టముగా చుట్టి, దాని చివరను నీటిమట్టముపైకి చాచి, తలను ముందునకు వెనుకకు ఊపుచు గాలిని లోనికి తోడుకొనును. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయు రోజులలో ఇది బురదలో దిగి, కాలిమీద మోయుచున్న సున్నపుమూతను గుల్లనోటికి బిగించి, తిరిగి నీరు వదలువరకు నిద్రించును. ఎండి పగుళ్లువారిన పంటకాలువలో గునపము వేసిన కూలివానికి రాయివలె దొరకు గుల్లను నీటితొట్టిలో వేసినచో, మూత తెరచుకొని కొమ్ములు బయటికి వచ్చుట చూడవచ్చును. గ్రుడ్లను సైతము ఇది నీటిలో పెట్టదు. గట్టునున్న తేమమట్టిలో తెల్లని గుంపుగా పెట్టిపోవును. మొప్పను వదలుకొనకయే ఊపిరితిత్తిని సంపాదించిన ఈ నత్త, నీటికిని నేలకును నడుమ ఏ పక్షమును పూర్తిగా నమ్మనిది.

దాని గుల్లలో అధికభాగము కాల్షియం కార్బొనేట్. నత్త దీనిని తినుటచేతను, నీటినుండి పీల్చుటచేతను సంపాదించును. కాలువనీటిలో కాల్షియం, బైకార్బొనేట్ అయానులుగా కరగియున్నది. ప్రావారము అంచునందలి కణములు వానిని ఒకచోట చేర్చి, ఒక ప్రొటీన్ అల్లికమీద స్ఫటికములుగా పేర్చును. అప్పుడు కాల్షియం కార్బొనేట్ ఘనరూపమున విడివడి, నీరును కార్బన్ డయాక్సైడును మిగులును. సరిగా నీ చర్యయే, ప్రావారము సాయము లేకుండ, మన వంటయింటిలోను జరుగుచున్నది: బోరునీటిని దినదినము కాచు గిన్నె యడుగున తెల్లగా పేరుకొను పొర ఆ బైకార్బొనేట్ వేడికి విడిపోయి దిగిన కార్బొనేటే. గృహిణి చింతపండు వేసి తోమినప్పుడు, చింతపండులోని టార్టారిక్ ఆమ్లము ఆ పొరను కరగించును. అదే న్యాయమున, ఆమ్లగుణము గల మెత్తనినీటిలో బ్రదుకు నత్తల గుల్ల పలుచబడి, పాతచుట్ల కొనలు అరిగియుండును. ఆల్చిప్పయు నట్టిదే, లోపలి మెరపు ఆరగొనైట్ అను కార్బొనేట్ స్ఫటికరూపము పలుచని పొరలుగా పేరుటవలన కలుగునది. మన చెరువులలో దొరకు లామెల్లిడెన్స్ ఆల్చిప్పలలో ముత్యములను పండించు పద్ధతిని భువనేశ్వరమునందలి కేంద్ర మంచినీటి మత్స్యసంస్థవారు నేర్పుచున్నారు. డెల్టా రైతుకు ఇది కొత్త గాదు. లాభమెంతయను ప్రశ్న మాత్రము ఎప్పటిదే.

గుల్లను కాల్చి సున్నము చేయు విద్య మన తీరమున పాతది. గుల్లసున్నముతో పూసిన గోడలు ఇంకను పల్లెలలో నిలిచియున్నవి. తాంబూలమునకు గుల్లసున్నమే మేలని పెద్దలు వాదింతురు. విద్యార్థికి ఇందులో పద్దులెక్కవంటి పాఠము కలదు. పరమాణుభారములు కాల్షియముకు 40, కార్బన్‌కు 12, ఆక్సిజన్‌కు 16 అని తీసికొన్నచో, శుద్ధమైన గుల్లద్రవ్యము 100 గ్రాములు బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి 56 గ్రాముల పొడిసున్నమగును. తక్కిన 44 గ్రాములు కార్బన్ డయాక్సైడై పొగతో లేచిపోవును. 56 గ్రాముల పొడిసున్నముపై నీరు చల్లినప్పుడు 18 గ్రాముల నీటిని అది పట్టుకొని, బుసబుస పొంగుచు, చేయి పెట్టలేనంత వేడిని వెలిగ్రక్కుచు, 74 గ్రాముల తడిసున్నమగును. దానిని గోడకు పూసిన తరువాత ఏమి జరుగునో గైడ్లలో అరుదుగా వ్రాయుదురు: గోడ నెలల తరబడి గాలినుండి 44 గ్రాముల కార్బన్ డయాక్సైడును మెల్లమెల్లగా తిరిగి తీసికొని, 18 గ్రాముల నీటిని విడిచి, 100 గ్రాముల కాల్షియం కార్బొనేటుగా గట్టిపడును. నత్త కట్టిన వస్తువును మనము కూల్చి, మరల గాలిచేతనే కట్టించుకొనుచున్నాము. బట్టీ పొగలోనికి పోయిన వాయువునకు లెక్క సరిపోయినను, అక్కడ మండిన కట్టెల వాయువునకు మాత్రము సరిపోదు; పర్యావరణమునుగూర్చి వ్యాసము వ్రాయువారు ఈ రెండవ పద్దును మరువరాదు.

తడిసున్నమును నీటిలో కలిపి, మడ్డి దిగువరకు ఆగి, పైని తేరిన స్వచ్ఛమైన ద్రవమును వంచుకొన్నచో అదియే సున్నపుతేట. దీనితో చేయదగిన పరీక్షకు ఏ ప్రయోగశాలయు నక్కరలేదు. నత్తగుల్ల పెంకును నిమ్మరసములో వేసినంతనే బుడగలు లేచును. ఆ వాయువును ఒక గొట్టముద్వారా సున్నపుతేటలోనికి పంపినచో అది పాలవలె తెల్లబడును, ఏలయన తేటలోని కాల్షియం హైడ్రాక్సైడ్ మరల కార్బొనేటై తేలుచున్నది. ఇంతవరకు అందరును వ్రాయుదురు. ఓపికపట్టి వాయువును ఇంకను పంపుచుండినచో తెలుపు విరిగి నీరు మరల తేటపడును. కార్బొనేట్ బైకార్బొనేటై కరగినది. ఈ రెండవ తేటను కాచినచో మూడవసారి తెల్లబడును. నత్త నీటినుండి గుల్లను తీయుటయు, గిన్నెయడుగు పొరకట్టుటయు ఈ మూడవ తెలుపులోనే యున్నవి.

గుల్లతోడనే పుట్టి గుల్లతోడనే పెరుగు సౌకర్యము నత్తకున్నది. నోటియంచున చుట్టు వెంట చుట్టు చేర్చుకొనుచు పోవును. రొయ్యకు నట్లు కుదరదు. దాని కవచము ఖైటిన్‌మీద కాల్షియము పేరిన గట్టితొడుగు. లోపలి యొడలు పెరిగినను అది సాగదు. కావున అది లోపల క్రొత్త మెత్తనితొడుగును సిద్ధము చేసికొని, పాతదానిలోని కాల్షియమును కొంత వెనుకకు లాగికొని, వీపునొద్ద పగిలిన సందునుండి ఒక్క యూపున బయటపడి, నీటిని పీల్చి ఉబ్బి, ఆ యుబ్బినకొలతకు క్రొత్తతొడుగును గట్టిపరచుకొనును. రైతులు దీనిని గుల్ల విడుచుట యందురు. అమావాస్యకును పున్నమికిని గుల్ల విడుచుట హెచ్చని వారు నమ్మి, ఆ దినములలో మేత తగ్గింతురు, నీటిలో ఖనిజలవణములు వేయుదురు. ఆ కొన్ని గంటలు రొయ్యకు గండకాలము: ప్రాణవాయువు అక్కర పెరుగును, కాళ్లకు బలముండదు, తోడి రొయ్యలే కొరికి తినును. నీటిలో కాల్షియము, మెగ్నీషియము చాలనిచో తొడుగు ఎన్నటికిని గట్టిపడక చేతికి మెత్తగా తగులును. అట్టి సరకునకు కొనుగోలుదారు ధర కోయును. నీటి కఠినత్వమును కొలుచు అంశమాపనము కళాశాలలో రెండు మార్కుల ప్రశ్న. చెరువుగట్టున నది పంట ధర.

బంటుమిల్లి, కృత్తివెన్ను, నాగాయలంక వైపు చెరువుగట్లమీద రాత్రి రెండు మూడు గంటల వేళ ఏరియేటర్ల చప్పుడు వినిపించుటకు కారణము ఇంకొక సమతాస్థితి. పగలు నీటిలోని సూక్ష్మశైవలములు వెలుతురులో కార్బన్ డయాక్సైడును గ్రహించి ఆక్సిజన్‌ను విడుచును. రాత్రి, చెరువులోని సమస్తమును, శైవలములతో సహా, ఆక్సిజన్‌ను గ్రహించి కార్బన్ డయాక్సైడును విడుచును. అందువలన తెల్లవారుజామున ఆక్సిజన్ అట్టడుగునకు చేరును. రెండు దినములు వరుసగా మబ్బుపట్టినచో పగటి జమ తగ్గి, రొయ్యలు నీటిపైకి తేలును. రొయ్యలు తేలినవను మాట విన్న రైతుకు నిద్ర పట్టదు. పి.హెచ్. కూడ ఇట్లే యూగును. 1909లో డెన్మార్కు రసాయనవేత్త సోరెన్‌సెన్ ప్రవేశపెట్టిన ఈ కొలబద్ద, హైడ్రోజన్ అయానుల గాఢతకు ఋణసంవర్గమానము గనుక, ఒక్క అంకె పెరుగుటయన్న పదిరెట్ల మార్పు. కార్బన్ డయాక్సైడ్ ఖర్చగుటవలన మధ్యాహ్నము మూడింటికి పి.హెచ్. హెచ్చును, తెల్లవారుటకు తగ్గును. అందుకే అనుభవముగల రైతు ఒకే వేళకు చూచిన అంకెను నమ్మడు.

ఈ యూగులాటలో ప్రమాదకరమైనది అమ్మోనియా. రొయ్య ప్రొటీనును జీర్ణించుకొనగా మిగులు నత్రజనిని మొప్పలద్వారా అమ్మోనియాగానే విడుచును; తినక మిగిలిన మేతయు అడుగున కుళ్లి దానినే యిచ్చును. నీటిలో ఇది రెండురూపముల నుండును: అంత హాని చేయని అమ్మోనియం అయాను, మొప్పలలోనికి చొచ్చుకొని పోవు అమ్మోనియా వాయువు. 25 డిగ్రీలయొద్ద పి.హెచ్. 7లో వాయురూపము నూటికి ఒకటికూడ లేదు; 8లో ఇంచుమించు 5; 9లో 36. మేత ఒక్క గింజ పెరుగకయే, మధ్యాహ్నపుటెండ మాత్రముననే విషము ఇన్ని రెట్లగుచున్నది. చెరువు సిద్ధము చేయునపుడు సున్నము చల్లి, పంట నడుమ సున్నపు మోతాదునకు వెరచు రైతు ఈ లెక్కను ఏ పుస్తకములోను చదువలేదు, నష్టపడి నేర్చుకొన్నాడు. 1994–95లో తెల్లమచ్చల వైరసు టైగరు రొయ్యల చెరువులను తుడిచిపెట్టినప్పుడు నీటిపరీక్షలేవియు దానిని ఆపలేకపోయిన మాటయు నిజమే. 2009 తరువాత వనామి రొయ్య ఆ స్థానమునకు వచ్చినది. రసాయనము అన్నిటికి మందు గాదు.

లవణముగూర్చి యొక మాట. పలుచని పొరకు ఒక ప్రక్క చిక్కని ద్రావణము, మరియొక ప్రక్క పలుచని ద్రావణము ఉన్నచో నీరు చిక్కనివైపునకే పోవును, ఇది ద్రవాభిసరణము. కాలువలోని ప్రతి ప్రాణి యొడలును కాలువనీటికంటె చిక్కనిదే గనుక నీరు దానిలోనికి నిరంతరము చొరబడుచుండును. నేటి వర్గీకరణము జంతువులనుండి వేరుచేసిన పరమీసియము సైతము, సంకోచరిక్తికలతో ఆ నీటిని తోడి పోయుచు బ్రదుకును. దాని నీటిలో కొంచెము ఉప్పు కలిపి సూక్ష్మదర్శినిక్రింద చూచినచో రిక్తికల సంకోచము నెమ్మదించును. లోనికి వచ్చు నీరు తగ్గినది గనుక తోడవలసినదియు తగ్గినది.

కొల్లేటిలోను, ఉప్పుటేటిలోను, కృష్ణ చివరి పాయలలోను దొరకు నీలకంఠ రొయ్య ఈ లెక్కను జీవితమున రెండుసార్లు మార్చుకొనును. పెద్దరొయ్య మంచినీటి ప్రాణి. నీలికాళ్లతో కాలువలలో తిరుగును. మొప్పలద్వారా లవణమును లోనికి లాగుకొనుచు, అధికజలమును విసర్జించుచుండును. గ్రుడ్లు మోసిన తల్లి మాత్రము ఉప్పునీరు కలియు ముఖద్వారమునకు దిగవలెను, ఏలయన దాని డింభకములు మంచినీటిలో కొలది దినములకే నశించును. ఈ రహస్యము తెలియక పెంపకమునకు పూనుకొన్నవారు చాలకాలము విఫలులైరి. 1961లో మలేషియాలో షావో వెన్ లింగ్ డింభకముల నీటిలో ఉప్పు కలిపి చూచినప్పుడు అవి బ్రదికినవి. డింభకము 11 దశలు దాటి, పిల్లరొయ్యయై, మరల నదికి ఎదురెక్కును. అడ్డుగా ఆనకట్టలు లేచిన నదులలో దాని దారి కురచయైనది; నేటి చెరువులకు పిల్లలను ఇచ్చునవి చాలవరకు హేచరీలే. అచ్చట డింభకములకు కావలసినది వేయింటికి 12 పాళ్ల ఉప్పుగల నీరు. సముద్రపు నీటిలో 35 పాళ్లు, మంచినీటిలో దాదాపు సున్న. వేయి లీటర్ల తొట్టి నింపుటకు సముద్రపు నీరు ఎన్ని లీటర్లు పోయవలెనని అడిగినచో, 12ను 35తో భాగించి వేయితో హెచ్చవేసిన విద్యార్థికి 343 వచ్చును. తక్కిన 657 లీటర్లును కాలువనీరు.